మంట ఆరాక ఎక్కిన నీళ్ళు

మా పాత బడిలో నా స్థానంలో చేరిన అనూష పోయిన వారం ఫోన్ చేసింది. సైన్స్ డే దగ్గర పడుతోందట, టిప్స్ కావాలట. ఓ అయిదు పాయింట్లు మెసేజ్ పెడితే చాలట, మిగతాది తను చూసుకుంటుందట.

ముప్పై ఒక్క ఏళ్ళు ప్రైమరీ పిల్లలకి సైన్సు చెప్పి, దాదాపు ప్రతి ఏడూ సైన్స్ డే నడిపిన మనిషికి అయిదు పాయింట్లు ఒక లెక్కా? మొదటిది: అగ్గిపెట్టెలు రెండు తీసుకెళ్ళు, ఒకటి ఎప్పుడూ చెమ్మగిల్లి ఉంటుంది. రెండోది: ప్రయోగాలన్నీ అయ్యేదాకా సమోసాలని గేటు దాటనివ్వకు. మూడోది రాద్దామని కూర్చుంటే పాయింటు రాలేదు, ఒక అమ్మాయి గుర్తుకొచ్చింది. అందుకని ఆ మెసేజ్ ఇంత పొడుగైంది. అనూష చదువుతుందో లేదో తెలియదు. ఇంత పొడుగువి నేనైతే చదివేదాన్ని కాదు.

సైన్స్ డే అనగా

సైన్స్ డే అంటే పిల్లలు తమ చేతులతో తామే ప్రయోగాలు చేసి, చూసి, ఆలోచించే రోజు. పైనుంచి వచ్చే కాగితంలో అలాగే రాసి ఉంటుంది. మాది లాలాగూడ రైల్వే క్వార్టర్లకి ఆనుకుని ఉన్న చిన్న ఎయిడెడ్ బడి, ఒకటి నుంచి అయిదు దాకా. మా దగ్గర మాత్రం అది షామియానా రోజు. ఫ్లెక్సీ రోజు. ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా వచ్చి, ట్రాఫిక్ గురించి మాట్లాడే రోజు. పిల్లలు ప్రయోగం చేయడం ఒక్కటి తప్ప అన్నీ జరుగుతాయి.

ప్రయోగాలు చేసేది తండ్రులు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఒక ఏడు వర్క్‌షాపులో పనిచేసే తండ్రి ఒకాయన రేకుతో రైలింజను చేసి పంపించాడు. స్విచ్ వేస్తే పట్టాల మీద గుండ్రంగా తిరిగేది, కూత కూడా వేసేది. ఇది దేనివల్ల నడుస్తోంది బాబూ అని అతిథి అడిగాడు. మూడో తరగతి పిల్లవాడు ఏ మాత్రం తడుముకోకుండా, "మా డాడీ వల్ల సార్" అన్నాడు. అన్ని సైన్స్ డేల్లోనూ అంత నిజాయితీ గల జవాబు నేను ఇంకోటి వినలేదు. వాడికి ప్రైజు రాలేదు. ప్రైజు థర్మోకోల్ గుండెకాయకి వచ్చింది, ఎందుకంటే దానికి లైట్లున్నాయి.

బల్ల కింద సంగతి

మా హెడ్‌మిస్ట్రెస్ విజయలక్ష్మి మేడంది ఒకటే రూలు. ఏటా సైన్స్ డేకి పది రోజుల ముందు నన్ను గదిలోకి పిలిచి చెప్పేవారు.

"సుగుణా, గెస్టు ముంగట ఒక్కటి సుత ఫెయిల్ గావొద్దు. ఒక్కటి సుత."

ఆవిడ చెడ్డ మనిషి అని మీరు అనుకుంటే నేను ఒప్పుకోను. వానాకాలంలో రెండో తరగతి గది పైకప్పు కారుతుంటే, విద్యాశాఖ ఆఫీసు వరండాలో నాలుగు రోజులు టిఫిన్ డబ్బాతో సహా బైఠాయించి మరమ్మతు చేయించుకొచ్చిన మనిషి. ఆవిడ లేకపోతే ఆ బడి ఎప్పుడో ఫంక్షన్ హాలు అయిపోయేది. ఆవిడ భయమల్లా ఒక్కటే, మా బడికి పేరు పోతే పిల్లలు రారని. ఆ భయంలో అబద్ధం లేదు. ఆ భయానికి నేను చేసిన సేవలోనే ఉంది.

నేను ఆ సేవలో ఆరితేరాను. నా బల్ల మీద తెల్ల దుప్పటి నేల దాకా వేలాడుతూ ఉండేది. అది అందం కోసమని అందరూ అనుకునేవారు. కింద ప్రతి ప్రయోగానికీ ఒక జత రెడీగా ఉండేది. ముందే మొలకెత్తించిన గింజలు, ముందే ఉప్పు కలిపిన నీళ్ళు, ముందే రుద్దిన అయస్కాంతం.

ఒక ఏడు చిక్కుడు మొక్కల ప్రయోగం పెట్టాను. ఒక కుండీ కిటికీలో, ఒక కుండీ అట్టపెట్టెలో. వెలుతురు లేకపోతే మొక్క పెరగదు అని చూపించడానికి. పదిరోజులయ్యాక తీసి చూస్తే చీకట్లోది పాలిపోయి, తెల్లగా, కిటికీ దానికంటే రెండింతలు పొడుగ్గా పెరిగి ఉంది. వెలుతురు కోసం వెతుక్కుంటూ సాగిపోయిందన్నమాట. ఆలోచించే టీచరైతే పిల్లలందర్నీ పిలిచి చూపించేది. నేను ఆ మొక్కని పీకి గోడ అవతలికి విసిరేశాను. నీళ్ళు పోయక ఎండిపోయిన ఇంకో మొక్కని తెచ్చి అట్టపెట్టెలో పెట్టాను. అతిథి చాలా సంతోషించాడు. ఎండబెట్టి చంపిన మొక్కని చీకటి చంపిందని చూపించినందుకు నాకు శాలువా కూడా కప్పారు.

కంఠత వాక్యాలు

బల్ల కింద సరుకు ఎంత ఉన్నా, పిల్లలు నోరు తెరిస్తే ప్రమాదమే కదా. దానికి మందు కార్డులు. పోస్టుకార్డంత అట్ట ముక్క మీద ప్రయోగం పేరు, ఏం జరుగుతుంది, ఎందుకు జరుగుతుంది, అన్నీ నాలుగు వాక్యాలకి మించకుండా నా చేతిరాతతో రాసిచ్చేదాన్ని. పిల్లలు బట్టీ పట్టి అప్పజెప్పాలి.

ఈ కార్డుల తెలివి నాకు ఎక్కడినుంచి వచ్చిందో చెబుతాను. మేము ప్రొటెస్టెంట్లం. మా నాన్న బందరు నుంచి రైల్వే ఉద్యోగానికి సికింద్రాబాద్ వచ్చారు. నేను పుట్టింది, పెరిగింది, సండే స్కూలుకి వెళ్ళింది ఇక్కడే. మా సండే స్కూల్లో ప్రతి ఆదివారం కంఠత వాక్యం ఉండేది. ఒక్క అక్షరం తప్పిపోకుండా చెప్పిన వాళ్ళకి పూల బొమ్మ కార్డు. ఏడాదంతా చెప్పిన వాళ్ళకి క్రిస్మస్‌కి బహుమతి. అర్థం అడిగే అలవాటు మాకు లేదు, దేవుడి మాటని నిలదీస్తామా? నాకు ఏడేళ్ళు వరసగా బహుమతి వచ్చింది. పెద్దయ్యాక అదే భక్తి తీసుకొచ్చి ఆక్సిజన్‌కి చూపించాను. దేవుడికి ఇచ్చిన మర్యాద పాఠ్యపుస్తకానికి ఇవ్వకూడదని నాకు ఎవరూ చెప్పలేదు.

ఇంకో విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే చివరికి అదే నా కొంప ముంచింది. నా బల్ల వెనక గోడ మీద ఏటా ఒక చార్టు అంటించేదాన్ని. ఎర్ర స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో, "ఒక్కసారి చేసి నమ్మవద్దు. మూడుసార్లు చేసి చూడు." ఫొటోల్లో బాగా పడేది. అది అతిథుల కోసం రాసిన చార్టు. పిల్లలు కూడా చదువుతారని నాకు తోచలేదు.

అది సాంబారు, ఇది సైన్సు

నేను రిటైరయ్యే ఏడు అయిదో తరగతిలో అఖిల అని ఒక పిల్ల ఉండేది. వాళ్ళిల్లు మౌలాలి గుట్ట కింద. తల్లి రేణుక మా బడికి రెండు వీధుల అవతల, క్వార్టర్ల గేటు దగ్గర టిఫిన్ బండి నడిపేది. అఖిల పొద్దున్నే తల్లితో పాటే వచ్చి, చట్నీ గిన్నెలు అందించి, బడి గంట కొట్టగానే చేతులు కడుక్కుని పరిగెత్తుకొచ్చేది. ప్రశ్నలు అడగడంలో దాన్ని మించిన వాళ్ళు లేరు. టీచర్ల గదిలో మేమందరం దాని గురించి పరేషాన్ అయ్యేవాళ్ళం.

ఆ ఏడు సైన్స్ డేకి ముఖ్య అతిథి ఒక రిటైర్డ్ ఇంజనీరు గారు. ఆయనకి మల్కాజ్‌గిరిలో మా కాలనీకి దగ్గర్లోనే ఇల్లు, డాబా మీద పెద్ద టెలిస్కోపు. వేసవి సెలవుల్లో కొద్దిమంది పిల్లలని డాబా మీద కూర్చోబెట్టుకుని సైన్సు చెప్పేవారు. ఒక్కో బడి నుంచి ఒక్కరినే తీసుకుంటానని, సైన్స్ డే నాడు ప్రయోగాలు చూసి తనే ఎంచుకుంటానని కబురు చేశారు.

ఆ మాట విన్న దగ్గర్నుంచి అఖిలకి నిద్ర లేదు. చంద్రుడి మీద గుంతలు నిజంగా కనబడతాయా, ఎన్ని కనబడతాయి, పగలు చూస్తే ఏమవుతుంది, వారం రోజులు ఇదే గోల. అయిదో తరగతి అయిపోతే మా బడి అయిపోయినట్టే. ఆ పై ఏడు ఏ హైస్కూల్లో చేరుతుందో వాళ్ళమ్మకే తెలియదు. టెలిస్కోపులో చూసే అవకాశం దానికి మళ్ళీ ఎక్కడ వస్తుంది? నాకు తెలుసు. తెలిసే దానికి కొవ్వొత్తి ప్రయోగం ఇచ్చాను. నా దగ్గరున్న వాటిలో అతిథులకి బాగా నచ్చేది అదే.

ప్రయోగం మీకు తెలుసు. పళ్ళెంలో రంగు నీళ్ళు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, దాని మీద గాజు గ్లాసు బోర్లిస్తే, మంట ఆరిపోయి గ్లాసులోకి నీళ్ళు ఎక్కుతాయి. కార్డు మీద ఇలా ఉంటుంది: "కొవ్వొత్తి మండినప్పుడు గ్లాసులోని ఆక్సిజన్ ఖర్చవుతుంది. ఖాళీ అయిన ఆ చోటులోకి నీరు ఎక్కుతుంది." రెండే వాక్యాలు. ఎంతమంది పిల్లలు వాటిని నాకు అప్పజెప్పారో లెక్కలేదు.

సైన్స్ డే శనివారం. గురువారం రిహార్సల్. అఖిల కొవ్వొత్తి వెలిగించింది, గ్లాసు బోర్లించింది, కార్డు చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది. మళ్ళీ వెలిగించింది. మళ్ళీ ఆగింది. మూడోసారి కూడా చేసి నా వైపు చూసింది.

"టీచర్, మండేటప్పుడు నీళ్ళు ఎక్కుతలేవు. మంట ఆరినంకనే ఎక్కుతున్నయి. ముందుగాల గ్లాసు కిందికెళ్ళి బుడగలు సుత పోతున్నయి. మూడుసార్లు చేసిన, మూడుసార్లు గట్లనే."

బాగా చూశావు, కార్డు చెప్పు అన్నాను. అది కదల్లేదు.

"ఆక్సిజన్ అయిపోయినందుకైతే మండుకుంట మండుకుంటనే ఎక్కాలె కదా టీచర్. ఇది మా అమ్మ సాంబార్ డబ్బా లెక్కుంది. ఉడుకుడుకు సాంబార్ పోసి మూత పెడితే, సల్లగైనంక మూత గుంజుకుంటది, తియ్యనీకి రాదు. గట్ల, లోపట గాలి సల్లగై నీళ్ళను గుంజుకుంటున్నదేమో."

ఈ పిల్లకి పదేళ్ళు. నాకు యాభై ఏడు. సైన్సు డిగ్రీ, ట్రైనింగు, శాలువాలు, అన్నీ నాకున్నాయి. నేను ఏమన్నానో ఇక్కడ రాయకుండా దాటేద్దామని రెండు రోజులు చూశాను. కుదరలేదు.

"అఖిలా, అది సాంబారు. ఇది సైన్సు."

పిల్లలందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మంచి మాట అన్నానని మురిసిపోయాను కూడా.

గులాబీల డ్యూటీ

విజయలక్ష్మి మేడం గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నారు. ఈ పిల్ల అతిథి ముందు ఇలా మొదలుపెడితే ఇజ్జత్ పోతుందని, మార్చేయమని చెప్పారు. నేను ఎదురు చెప్పి ఉంటే ఆవిడ వినేవారేమో. ఆ సంగతి ఇప్పటికీ తెలియదు, నేను ఎదురు చెప్పలేదు కాబట్టి. నాకూ లోపల అదే భయం ఉందని ఒప్పుకోవడం మంచిది.

మా చర్చి పాస్టరు గారి అబ్బాయి జోయెల్ అదే తరగతి. కంఠత వాక్యాల్లో నా అంతవాడు. మధ్యాహ్నం కార్డు ఇస్తే సాయంత్రం గంట కొట్టేలోపు అప్పజెప్పేశాడు. అఖిలకి అతిథికి గులాబీ ఇచ్చే డ్యూటీ వేశాను. అది కూడా గౌరవమే కదా అని దానికి నచ్చజెప్పాను. అది తల ఊపింది.

శనివారం ఇంజనీరు గారు వచ్చారు. ట్రాఫిక్ గురించి మాట్లాడారు. అఖిల గులాబీ ఇచ్చి, గులాబీల పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడింది. జోయెల్ కొవ్వొత్తి వెలిగించి, గ్లాసు బోర్లించి, గడగడా కార్డు అప్పజెప్పాడు. వాడి గొంతు బాగుంటుంది. "నీరు ఎక్కుతుంది" అని వాడు ముగించేసరికి మంట ఇంకా మండుతూనే ఉంది, నీళ్ళు పళ్ళెంలోనే ఉన్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఫొటోగ్రాఫర్ ఇటు చూడండి అన్నాడు, అందరం అటు తిరిగాం. మంట ఆరి నీళ్ళు ఎక్కినప్పుడు ఆ గ్లాసు వైపు చూస్తున్నది షామియానా మొత్తానికి ఒక్క అఖిలే.

ఇంజనీరు గారు జోయెల్‌ని ఎంచుకున్నారు. వేదిక మీద పేరు చదివారు. అఖిల నా దగ్గరికొచ్చి గులాబీల పళ్ళెం తిరిగి ఇచ్చేసింది. ఏమ్మా అంటే, "ఏం లే టీచర్" అంది.

ఆ తరువాత అది ప్రశ్నలు అడగలేదు. మొదటి వారం మాకందరికీ హాయిగా ఉంది. క్లాసు నిశ్శబ్దంగా నడిచింది. పిల్ల దారిలో పడిందని టీచర్ల గదిలో ఎవరో అన్నారు, నేను అవునన్నాను.

క్రిస్మస్ కొవ్వొత్తులు

మార్చిలో యూనిట్ టెస్టు పెట్టాను. గ్లాసులోకి నీరు ఎందుకు ఎక్కింది అని ఒక ప్రశ్న. అఖిల పేపరులో జవాబు ఉంది. కార్డు మీది రెండు వాక్యాలు, ఒక్క అక్షరం తప్పకుండా, నా ఫుల్‌స్టాపులతో సహా. అయిదుకి అయిదు వేశాను. వేశాక పెన్ను పక్కన పెట్టి ఆ పేపరుని చాలాసేపు చూశాను. ఇది అబద్ధమని తెలిసి రాసిన జవాబు. దానికి మార్కులు ఎలా వస్తాయో ఆ పిల్ల నేర్చుకుంది. నేర్పింది నేనే.

సాయంత్రం ఇంటికెళ్ళి, చర్చిలో క్యారల్స్ నాడు మిగిలిన కొవ్వొత్తులు తీసి, వంటింటి గట్టు మీద పళ్ళెం పెట్టాను. మావారు వచ్చి, ఏళ్ళ తరబడి చెబుతున్నదే కదా, ఇవాళ కొత్తగా చూసేదేముంది అన్నారు. నేనెప్పుడూ చూడలేదని అప్పుడు తట్టింది. చేయించాను, చెప్పాను, మార్కులు వేశాను. మొదటినుంచి చివరి దాకా కళ్ళు ఆర్పకుండా గ్లాసు వైపు ఒక్కసారీ చూడలేదు.

చూశాను. మంట మండుతున్నంతసేపూ నీళ్ళు కదల్లేదు. గ్లాసు అంచు కిందనుంచి బుడగలు పోయాయి. మంట ఆరింది. అప్పుడు, చల్లారుతున్న కొద్దీ, నీళ్ళు గబగబా ఎక్కాయి. ఒకటి బదులు మూడు కొవ్వొత్తులు పెట్టి చూశాను. నీళ్ళు ఇంకా పైకి ఎక్కాయి. గ్లాసు అదే, అందులో పట్టే గాలి అంతే, ఆక్సిజనూ అంతే. మరి ఎక్కువ ఎందుకు ఎక్కినట్టు? వేడి ఎక్కువైంది, వేడికి ఉబ్బిన గాలి ఎక్కువ బయటికి పోయింది, చల్లారాక ఎక్కువ గుంజుకుంది. సాంబారు డబ్బా.

నాకు ఏడుపొచ్చింది. తప్పు చెప్పినందుకు కాదు, తప్పులు అందరూ చెబుతారు. దాన్ని నవ్వులపాలు చేసినందుకు. మావారు కొవ్వొత్తి ముక్కలు ఏరి డబ్బాలో పెట్టి వెళ్ళిపోయారు.

మర్నాడు మేడంకి జరిగింది చెప్పి, ఇంజనీరు గారిని కలిసి ఒప్పుకుని వస్తానన్నాను. "అయిపోయిన పెండ్లికి ఇప్పుడు బాజాలెందుకు సుగుణా, రెండు నెలలైతే నువ్వు రిటైర్ అయితవు" అన్నారు. అందుకేనండీ తొందర అన్నాను. చివరికి ఆవిడ, నేను ఇంజనీరు గారింటికి వెళ్ళినట్టు తనకి తెలియదు అన్నారు. ఆవిడ దగ్గర్నుంచి అంతకన్నా పెద్ద అనుమతి ఉండదు.

ఇంజనీరు గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మొదట నవ్వబోయి, ఆపుకుని, తను కూడా గ్లాసు చూడలేదని, ఫొటోగ్రాఫర్ వైపు చూశానని ఒప్పుకున్నారు. జోయెల్‌ని తీసేసే ప్రశ్న లేదన్నారు, వాడు చేసిన తప్పేమీ లేదు. డాబా మీద ఇంకో కుర్చీకి చోటుంది, ఆదివారం సాయంత్రం ఆ పిల్లని తీసుకురండి, ప్రయోగం తనే చేసి, తనకి తోచింది తనే చెప్పాలి అన్నారు.

నేను ఎగురుకుంటూ బడికి వెళ్ళి అఖిలకి చెప్పాను. అది నేల చూస్తూ, "నేను రాను టీచర్. నాకు చెప్పనీకి రాదు" అంది.

వాగుడుకాయ అని మేము పేరు పెట్టిన పిల్ల అన్న మాట అది.

బండి దగ్గర

రెండో శనివారం, బడికి సెలవు. పదకొండింటికి, ఇడ్లీలు అయిపోయే వేళకి, బండి దగ్గరికి వెళ్ళాను. హ్యాండ్ బ్యాగులో కొవ్వొత్తి ముక్కలు, అగ్గిపెట్టెలు రెండు, పాత దినపత్రికలో చుట్టిన గాజు గ్లాసు. రేణుక కంగారు పడి ప్లాస్టిక్ స్టూలు తుడిచి వేసింది. పిల్ల ఏం తప్పు చేసిందోనని ఆమె భయం. టీచరు బండి దాకా వచ్చిందంటే మరి ఇంకేమనుకుంటుంది?

అఖిల ప్లేట్లు కడుగుతోంది. నేను చెప్పాల్సింది రేణుక ముందే చెప్పాను. ప్రయోగంలో అఖిల చెప్పిందే సరైనదని, నేను ఇన్నేళ్ళుగా చెప్పింది తప్పని, అందరి ముందూ నవ్వినందుకు సిగ్గుపడుతున్నానని, ఇంట్లో చేసి చూశాకే తెలిసిందని.

అది ప్లేటు పక్కన పెట్టింది.

"ఎన్నిసార్లు చేసిన్రు టీచర్?"

"ఒక కొవ్వొత్తితో ఒకసారి. మూడింటితో ఒకసారి."

"అంటే ఒక్కోటి ఒక్కసారే కదా. ఒక్కసారి చేసి నమ్మొద్దని మీరే కదా రాసింది, చార్టు మీద."

నేను క్షమాపణ చెప్పడానికి వచ్చాను. ఆ పిల్ల నా క్షమాపణలో కూడా ప్రయోగం సరిగ్గా లేదని తేల్చింది. ఏం చేస్తాను, మళ్ళీ చేద్దామన్నాను.

రేణుక స్టీలు పళ్ళెంలో నీళ్ళు పోసిచ్చింది. రంగు లేదు కదా అని అఖిల కాసింత పసుపు కలిపింది. మొదటిసారి మంట ఆరాకే నీళ్ళు ఎక్కాయి. రెండోసారీ అంతే. ఏమిటిదంతా అని రేణుక అడిగితే డబ్బా మూత సంగతి చెప్పాను.

"గదా టీచర్. ఉడుకుది మూసి పెడితే గుంజుకుంటది మరి. గంతదానికి మీరు ఎండల వచ్చిన్రా?" అని, పొద్దుటి సాంబారు డబ్బా నా చేతికిచ్చింది.

మూత తీయబోయాను. రాలేదు. రెండు చేతులతో పట్టి, స్టూలు మీద సర్దుకుని, పళ్ళు బిగించి లాగాను. కదల్లేదు. టీ తాగుతున్న ఇద్దరు ఆటోవాళ్ళు సాయం చేయమంటారా మేడం అని అడిగారు. అఖిల నవ్వింది. సైన్స్ డే తరువాత అది నవ్వడం నేను చూడటం అదే మొదలు. డబ్బా తీసుకుని, చెంచా తోకతో మూత అంచుని ఒకచోట చిన్నగా లేపింది. సుయ్‌మని గాలి లోపలికి పోయి మూత ఊడొచ్చింది.

మూడోసారి కొవ్వొత్తి వెలిగించగానే బస్సు పోయింది, ఆ గాలికి ఆరిపోయింది. పోనీలే, రెండుసార్లు వచ్చింది కదా అని నేను లేవబోయాను. అలవాటు ఎక్కడికి పోతుంది? అఖిల నన్ను కూర్చోమని, బండి చాటుకి పళ్ళెం జరిపి, మళ్ళీ వెలిగించింది. నీళ్ళు ఎక్కేదాకా ఇద్దరం తలలు దగ్గరగా పెట్టి, మాట్లాడకుండా చూశాం. ఎక్కాయి. నోటు పుస్తకం తెచ్చి రాసుకుంది. బస్సు గాలికి ఆరిందని కూడా రాసుకుంది. అది ఎందుకు అని నేను అడగలేదు.

ఇంజనీరు గారింటికి రేపు వస్తావా అని మళ్ళీ అడిగాను. వాళ్ళమ్మ వైపు చూసింది. రేణుక పొమ్మన్నట్టు తల ఊపింది.

"వస్తా టీచర్. కాని కార్డు ఇయ్యొద్దు."

ఇవ్వనన్నాను. హ్యాండ్ బ్యాగు జిప్పు గట్టిగా లాగి ఒళ్ళో పెట్టుకున్నాను. కార్డు ముందు రోజు సాయంత్రమే రాసి, అందులో పెట్టుకొచ్చాను. వేడి గాలి, చల్లారడం, నీరు ఎక్కడం, అన్నీ ఈసారి సరిగ్గా, నాలుగు వాక్యాల్లో, అది బట్టీ పట్టడానికి వీలుగా.